కనుచూపు మేర (డ్రోన్‌లు)

కనుచూపు మేర అనునది చిన్న డ్రోన్‌లను నడిపేవారు పాటించవలసిన ప్రాథమిక భద్రతా నియమం. డ్రోన్ గాలిలో ఉన్నంతసేపూ దానిని నడిపే వ్యక్తి తెరమీది బొమ్మ ద్వారా కాక తన కళ్ళతో నేరుగా దానిని చూస్తూ ఉండాలన్నది ఈ నియమం సారాంశం. ఆంగ్లంలో దీనిని విజువల్ లైన్ ఆఫ్ సైట్ అనీ, క్లుప్తంగా వీఎల్ఓఎస్ అనీ అంటారు. ఈ మేర దాటి నడపడాన్ని బియాండ్ విజువల్ లైన్ ఆఫ్ సైట్ (బీవీఎల్ఓఎస్) అంటారు. దానికి చాలా దేశాలలో ప్రత్యేక అనుమతి అవసరం.

తెలుగులో "కనుచూపు మేర" అంటే సాధారణంగా దృష్టి ఆనినంత దూరం అని అర్థం. డ్రోన్‌ల విషయంలో ఈ మాటకున్న అర్థం అంతకంటే చాలా ఇరుకైనది. డ్రోన్ ఆకాశంలో ఒక చుక్కవలె కనబడినంత మాత్రాన అది కనుచూపు మేరలో ఉన్నట్లు కాదు. దాని ముఖం ఎటువైపు ఉన్నదో, అది ఎటు కదులుచున్నదో, దాని చుట్టుపక్కల గాలిలో మరేమున్నదో గుర్తించగలిగినప్పుడే ఉన్నట్లు లెక్క. బజారులో దొరికే చిన్న డ్రోన్‌లకు ఈ దూరం చాలామంది అనుకొనేదానికంటే తక్కువ, తరచుగా నూరు, నూట యాభై మీటర్లు మాత్రమే.

నిర్వచనం

దేశాన్ని బట్టి నియమాల మాటలు మారినా మూలభావం ఒకటే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) దృష్టిలో కనుచూపు మేర అంటే, నడిపేవారు డ్రోన్‌తో నేరుగా దృశ్య సంబంధం నిలుపుకొని, దాని గమనాన్ని అదుపు చేస్తూ, ఇతర విమానాలతో తగినంత ఎడం పాటించి ఢీకొనకుండా చూసుకోవడం. అంటే డ్రోన్‌ను చూడటం ఇందులో సగం పని. దాని చుట్టూ ఉన్న ఆకాశాన్ని చూడటం మిగిలిన సగం.

ఈ విషయాన్ని వివరంగా చెప్పిన వాటిలో అమెరికా నియమావళి ఒకటి. అక్కడి ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్ఏఏ) రూపొందించిన పార్ట్ 107 నిబంధనలు 2016 ఆగస్టు 29న అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం నడిపేవారు నాలుగు విషయాలు కంటితో తెలుసుకొనగలగాలి. డ్రోన్ ఎక్కడున్నది, అది ఏ వాలులో ఎంత ఎత్తున ఏ దిక్కుగా పోవుచున్నది, చుట్టుపక్కల ఇతర విమానాలు గాని అపాయాలు గాని ఉన్నవా, డ్రోన్ వలన ఎవరి ప్రాణానికైనా ఆస్తికైనా ముప్పు కలుగుచున్నదా అనేవే ఆ నాలుగు. ఇదంతా మామూలు కంటితోనే జరగాలి. చూపు సరిచేసే కళ్ళజోడుకు, కాంటాక్టు లెన్సులకు అభ్యంతరం లేదు. బైనాక్యులర్ మాత్రం లెక్కకు రాదు. అది డ్రోన్‌ను పెద్దదిగా చూపించినా చూసే వలయాన్ని కుదించివేస్తుంది. పక్కనుండి వచ్చే హెలికాప్టరు అందులో కనబడదు.

డ్రోన్ ఒక చెట్టు వెనుకకో, భవనం మూలకో పోయి ఒకటి రెండు క్షణాలు మరుగుపడితే నియమం తప్పినట్లు కాదని ఎఫ్ఏఏ వివరణ. రిమోట్‌మీద బ్యాటరీ శాతం చూడటానికి ఒకసారి తల దించడం కూడా అంతే. వీలైనంత త్వరగా చూపు మళ్ళీ డ్రోన్ మీదకు రావాలి. కావాలని కొండ వెనుకకు పంపడం, ఎత్తైన అపార్ట్‌మెంట్‌కు అవతలి వైపు తిప్పడం ఈ మినహాయింపులోకి రావు.

నేపథ్యం

డ్రోన్‌లకు ముందే ఈ నియమం ఉన్నది. విమానయానంలో మొదటినుండీ "చూచి తప్పుకొను" పద్ధతి అమలులో ఉంది. వాతావరణం నిర్మలంగా ఉన్నప్పుడు ప్రతి పైలట్ తన కళ్ళతో ఆకాశాన్ని గాలించి ఎదుటి విమానానికి దారి ఇవ్వాలి. ఈ పద్ధతి ఎంత బలహీనమైనదో 1956 జూన్ 30న అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది మరణించినప్పుడు లోకానికి తెలిసింది. ఆ తరువాత ఎత్తున ఎగిరే విమానాలకు రాడారు నిఘా పెరిగింది. భూమికి దగ్గరగా ఎగిరే హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు, మందు చల్లే విమానాలు, మంటలార్పే విమానాలు ఈనాటికీ చాలావరకు కళ్ళనే నమ్ముకొని ఉన్నాయి. చిన్న డ్రోన్‌లు తిరిగేది సరిగ్గా అదే ఎత్తులో.

ఈ ఏర్పాటులో డ్రోన్ వలన ఒక చిక్కు వచ్చింది. డ్రోన్‌లో మనిషి లేడు, కనుక అది తనంతట తాను చూచి తప్పుకోలేదు. ఎదుటివారు దానిని చూచి తప్పుకొంటారా అంటే అదీ కష్టమే. గంటకు సుమారు 220 కి.మీ. వేగంతో వచ్చే హెలికాప్టరు సెకనుకు 60 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. అరకిలోమీటరు దూరంలో ఉన్న జానెడు డ్రోన్ దాని పైలట్‌కు కనబడదనే చెప్పాలి. కనబడేసరికి తప్పుకొనే వ్యవధి ఉండదు. అందుచేత చూచే బాధ్యతా, దారి ఇచ్చే బాధ్యతా పూర్తిగా నేలమీద నిలబడి నడిపే వ్యక్తి మీదనే పడినవి.

బొమ్మ విమానాలు ఎగురవేసే అభిరుచిగలవారు దీనిని ఎప్పటినుండో ఆచరిస్తున్నారు. వారికి మరో దారి ఉండేది కాదు. కెమెరా, తెర లేని రోజులలో విమానం కనుమరుగైతే అది పోయినట్లే. 1981 జూన్‌లో ఎఫ్ఏఏ వెలువరించిన సూచనాపత్రంలో బొమ్మ విమానాలను 400 అడుగులు దాటి ఎగురవేయవద్దనీ, నిజమైన విమానాలకు దారి ఇవ్వాలనీ, వీలైతే పరిశీలకుల సాయం తీసుకోవాలనీ చెప్పారు.

2010లో పారట్ సంస్థ ఏఆర్ డ్రోన్, 2013లో డీజేఐ సంస్థ ఫాంటమ్ మార్కెట్లోకి వచ్చాక ఈ సహజమైన హద్దు చెరిగిపోయింది. జీపీఎస్ సాయంతో డ్రోన్ తనంతట తాను గాలిలో నిలబడుతుంది. కెమెరా చూసేది చేతిలోని తెరమీద కనబడుతుంది. రేడియో సంకేతాల దూరమూ ఏటేటా పెరిగింది. 2020లో వచ్చిన మావిక్ ఎయిర్ 2 అనే అరకిలో పైచిలుకు డ్రోన్‌కు అడ్డంకులు లేని చోట 10 కి.మీ. వరకు సంకేతాలు అందుతాయని తయారీదారు ప్రకటించాడు. అంతటి చిన్న డ్రోన్ ఆ దూరంలో పదోవంతులో కూడా కంటికి ఆనదు. రేడియో అందే దూరానికీ కన్ను అందే దూరానికీ మధ్య ఏర్పడిన ఈ ఎడమే నియమం రాతపూర్వకంగా రావడానికి ముఖ్య కారణం. పెట్టెమీద ముద్రించిన దూరాన్ని చూసి అంతవరకు పంపవచ్చునని అనుకోవడం కొత్తగా కొన్నవారిలో తరచు కనిపించే పొరపాటు.

ఎంత దూరం

చాలా దేశాల చట్టాలలో కనుచూపు మేరకు ఇన్ని మీటర్లు అని అంకె లేదు. డ్రోన్ పరిమాణం, రంగు, వెలుతురు, మబ్బు, నేపథ్యం, నడిపేవారి చూపు అన్నీ కలిసి దూరాన్ని నిర్ణయిస్తాయి. బ్రిటన్‌లో చాలాకాలం అడ్డంగా 500 మీటర్లు, నిలువుగా 400 అడుగులు అనే కొలత మార్గదర్శకంగా చెల్లింది. అయితే ఈ అంకె పెద్ద డ్రోన్‌లకు సరిపోయినా అరచేతిలో ఇమిడే డ్రోన్‌లకు సరిపోదు.

ఐరోపాలో ఇందుకొక లెక్క వాడుకలో ఉన్నది. నాలుగు లేక అంతకంటే ఎక్కువ రోటర్లు గల డ్రోన్ అతి పెద్ద కొలతను మీటర్లలో తీసుకొని దానిని 327తో హెచ్చించి 20 కలిపితే, ఆ డ్రోన్ ముఖం ఎటున్నదో పోల్చుకోగల గరిష్ఠ దూరం వస్తుంది. రెక్కలుగల డ్రోన్‌లకు 490తో హెచ్చించి 30 కలపాలి. ఈ లెక్కన 25 సెం.మీ. డ్రోన్‌కు సుమారు 102 మీటర్లు, 35 సెం.మీ. డ్రోన్‌కు సుమారు 134 మీటర్లు, మీటరున్నర వెడల్పున్న పొలం డ్రోన్‌కు సుమారు 510 మీటర్లు వస్తాయి. దీనితోపాటు రెండో హద్దు ఒకటున్నది. ఆ సమయానికి నేలమీద ఎంత దూరం స్పష్టంగా కనబడుచున్నదో అందులో 30 శాతానికి మించి పోరాదు. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే ఆనాటి మేర. పొగమంచు పట్టిన ఉదయం కిలోమీటరు దూరం మాత్రమే కనబడుచున్నదంటే ఎంత పెద్ద డ్రోన్‌కైనా హద్దు 300 మీటర్లే.

ఈ అంకెల వెనుక కంటి నిర్మాణం ఉన్నది. ఆరోగ్యవంతమైన కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం వరకు వివరాలను విడదీసి చూడగలదు. అంటే 100 మీటర్ల దూరంలో సుమారు 3 సెం.మీ., 500 మీటర్ల దూరంలో సుమారు 15 సెం.మీ. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒకటిగా కలిసిపోతాయి. 35 సెం.మీ. డ్రోన్ 500 మీటర్ల దూరంలో ఈ కొలతకు రెండున్నర రెట్లు కూడా ఉండదు. దాని చేతులు, ముందు వెనుకలు ఏవీ తెలియవు.

కంటి పరిమితులు

డ్రోన్ ముఖం ఎటున్నదో తెలియకపోతే వచ్చే నష్టం నడిపినవారికి మొదటి వారంలోనే అర్థమవుతుంది. డ్రోన్ ముఖం అవతలివైపు ఉన్నప్పుడు రిమోట్ పుల్లను కుడికి తోస్తే అది కుడికే పోతుంది. ముఖం తమవైపు తిరిగి ఉన్నప్పుడు అదే తోపుకు ఎడమకు పోతుంది. కొమ్మకు దూరంగా జరపబోయి కొమ్మలోకి తోయడం ఇలాగే జరుగుతుంది. ఇందుకోసమే తయారీదారులు ముందు వెనుకలకు వేర్వేరు రంగుల దీపాలు అమరుస్తారు. పట్టపగటి ఎండలో ఆ దీపాలు కొద్ది దూరంలోనే వెలవెలబోతాయి.

నేపథ్యం ప్రభావమూ ఎక్కువే. తెల్లని మబ్బు మీద నల్లని డ్రోన్ బాగా ఆనుతుంది. అదే డ్రోన్ కిందికి దిగి తాటితోపు ముందుకో, కొండవాలు ముందుకో వచ్చిందంటే ఆకులలో కలిసిపోతుంది. బూడిదరంగు డ్రోన్‌కు వానాకాలపు ఆకాశం అంతకంటే మోసకారి. సూర్యుడికి ఎదురుగా నిలబడి నడిపితే డ్రోన్ ఎండలోకి పోయిన క్షణంలో కళ్ళు చెదిరిపోతాయి. అందువలన సూర్యుడిని వీపుకు పెట్టుకొని నిలబడటం అలవాటు చేసుకోవాలని శిక్షకులు చెబుతారు.

దూరాన్ని అంచనా కట్టడంలో కన్ను మరింత బలహీనం. రెండు కళ్ళ సాయంతో లోతు తెలుసుకొనే శక్తి దగ్గరి వస్తువులకే బాగా పనిచేస్తుంది. నూరు మీటర్ల అవతల ఉన్న డ్రోన్ కరెంటు తీగకు ముందున్నదో వెనుకనున్నదో కంటితో తేల్చడం దాదాపు అసాధ్యం. చూసేవారికి రెండూ ఆనుకొని ఉన్నట్లే తోస్తాయి. డ్రోన్ కనుచూపు మేరలో ఉండగానే తీగలకు తగిలి పడిపోవడానికి ఇదే కారణం. కనుక కనబడటం ఒక్కటే రక్షణ కాదు. ఎగురవేయడానికి ముందు ఆ చోటును నడిచి చూడటం అవసరం.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది చూపు తెరకూ ఆకాశానికీ మధ్య మాటిమాటికీ మారడం. చేతిలోని తెర అడుగు దూరంలో ఉంటుంది, డ్రోన్ నూరు మీటర్లలో ఉంటుంది. తల ఎత్తిన ప్రతిసారీ కంటి కటకం సర్దుకోవాలి, ఆపైన విశాలమైన ఆకాశంలో ఆ చిన్న ఆకారాన్ని వెతుక్కోవాలి. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయే డ్రోన్ మూడు సెకన్లలో 45 మీటర్లు జరిగిపోతుంది. ఏమీ లేని ఆకాశాన్ని చూస్తున్నప్పుడు కన్ను తనంతట తాను దగ్గరి దూరానికి సర్దుకొనిపోతుంది. దానితో దూరపు వస్తువులు మరింత మసకబారుతాయి. మొదట దూరపు చెట్టునో, మేడనో చూసి, అక్కడినుండి చూపును డ్రోన్ వైపు జరిపితే త్వరగా దొరుకుతుంది. చెవి కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. హెలికాప్టరు చప్పుడు అది కనబడటానికి ముందే వినిపిస్తుంది కనుక చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని డ్రోన్ నడపడం మంచిది కాదు.

పరిశీలకుడు

సినిమా చిత్రీకరణ, సర్వే, పెళ్ళి వీడియో వంటి పనులలో తెర చూడకుండా పని సాగదు. అటువంటప్పుడు నడిపేవారి పక్కన ఇంకొకరు నిలబడి డ్రోన్‌నూ ఆకాశాన్నీ గమనిస్తారు. ఈ వ్యక్తిని పరిశీలకుడు అంటారు. అతడు కెమెరా బొమ్మలు చూడరాదు. నడిపేవారితో మామూలు మాటలతోనో, వాకీటాకీతోనో ఎడతెగకుండా మాట్లాడగలిగి ఉండాలి. "అదిగో అటు" వంటి మాటలు పనికిరావు. "ఎడమవైపునుండి హెలికాప్టరు, కిందికి దించు" అన్నట్లు దిక్కూ చేయవలసినదీ ఒక్కసారే చెప్పేలా ముందుగా మాటలు కుదుర్చుకొంటారు.

కళ్ళకు పూర్తిగా తెర బిగించుకొని, డ్రోన్‌లో కూర్చున్నట్లుగా నడిపే పద్ధతి పందేలలో బాగా వ్యాప్తిలో ఉన్నది. ఈ పద్ధతిలో నడిపేవారు ఆకాశాన్ని అసలే చూడలేరు. అమెరికాలోనూ ఐరోపాలోనూ పక్కనే పరిశీలకుడు ఉంటేనే దీనికి ఒప్పుకొంటారు. పరిశీలకుడు ఉన్నాడు కదా అని మేరను పొడిగించుకోవడం కుదరదు. అతని కన్ను కూడా కన్నే.

రాత్రివేళ

చీకటిలో డ్రోన్ ఆకారం కనబడదు, దీపమే కనబడుతుంది. అమెరికాలో 2021 ఏప్రిల్ 21 నుండి అమలైన సవరణ ప్రకారం రాత్రివేళ నడిపే డ్రోన్‌కు దాదాపు 4.8 కి.మీ. దూరం వరకు కనబడే మెరుపుదీపం ఉండాలి. ఆ దీపం ఇతర విమానాల వారికోసం. నడిపేవారికి డ్రోన్ దిక్కు తెలియడానికి అది చాలదు. చీకటి నేపథ్యంలో ఒంటరి దీపాన్ని కాసేపు తదేకంగా చూస్తే, అది నిలకడగా ఉన్నా కదులుచున్నట్లు భ్రమ కలుగుతుంది. దీనివలన లేని కదలికను సరిదిద్దబోయి డ్రోన్‌ను పక్కకు తోసివేయడం కద్దు.

ప్రమాదాలు

కనుచూపు మేర నియమం తప్పినందువలన జరిగినట్లు దర్యాప్తులో తేలిన ప్రమాదాలలో ఎక్కువగా ఉదహరించబడేది 2017 సెప్టెంబరు 21న న్యూయార్క్‌లో జరిగినది. ఆ సాయంత్రం సుమారు 7 గంటల 20 నిమిషాలకు, సూర్యాస్తమయం తరువాత, స్టాటెన్ ఐలండ్ తీరానికి తూర్పున సముద్రం మీద సుమారు 300 అడుగుల ఎత్తులో అమెరికా సైన్యానికి చెందిన బ్లాక్ హాక్ హెలికాప్టరును ఫాంటమ్ 4 డ్రోన్ ఢీకొన్నది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశాల కారణంగా ఆ రోజులలో అక్కడి గగనతలంపై తాత్కాలిక ఆంక్షలు ఉన్నాయి. హెలికాప్టరు రోటరు రెక్క అంచున అంగుళమున్నర సొట్ట పడింది. పైలట్లు దానిని న్యూజెర్సీలోని లిండెన్ విమానాశ్రయంలో క్షేమంగా దించారు. ఎవరికీ గాయాలు కాలేదు.

హెలికాప్టరులో డ్రోన్ మోటారు ఒకటి, దాని చేతి ముక్కతోసహా ఇరుక్కొని దొరికింది. మోటారు మీది సంఖ్య ఆధారంగా తయారీదారు రికార్డుల ద్వారా దర్యాప్తువారు యజమానిని కనుగొన్నారు. డ్రోన్‌ను అతడు సరదాకోసం ఎగురవేశాడు. ఢీకొన్న చోటు అతను నిలబడ్డ చోటునుండి సుమారు రెండున్నర మైళ్ళు, అంటే 4 కి.మీ. దూరం. సంకేతాలు తెగిపోయినప్పుడు డ్రోన్ నీళ్ళలో పడిపోయి ఉంటుందని అతడు అనుకొన్నాడు. దర్యాప్తు అధికారులు సంప్రదించేదాకా తన డ్రోన్ ఒక హెలికాప్టరును ఢీకొన్నదని అతనికి తెలియనే తెలియదు. డ్రోన్‌ను కావాలనే కనుచూపు మేర దాటించినందున హెలికాప్టరును చూచి తప్పుకోలేకపోయాడనీ, నియమాలపై అతనికి సరైన అవగాహన లేకపోవడం కూడా దోహదం చేసిందనీ జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. ఫాంటమ్ 4 రెక్కలు కాక 35 సెం.మీ. ఉంటుంది. పైన చెప్పిన ఐరోపా లెక్కన దాని మేర 134 మీటర్లు. అది పోయినది దానికి ముప్పై రెట్లు.

అదే సంవత్సరం అక్టోబరు 12న కెనడాలో క్యుబెక్ నగర విమానాశ్రయంలో దిగబోతున్న చిన్న ప్రయాణికుల విమానాన్ని ఒక డ్రోన్ తాకింది. విమానంలోని ఎనిమిది మందీ సురక్షితంగా దిగారు. ఆ డ్రోన్ గాని దానిని నడిపినవారు గాని దొరకలేదు.

2025 జనవరి 9న లాస్ ఏంజిలస్ నగరంలో పాలిసేడ్స్ కార్చిచ్చును ఆర్పుతున్న, క్యుబెక్‌నుండి రప్పించిన సూపర్ స్కూపర్ విమానాన్ని 250 గ్రాములలోపు తరగతికి చెందిన డ్రోన్ ఢీకొన్నది. నడిపిన వ్యక్తి సాంటా మోనికాలో ఒక బహుళ అంతస్తుల పార్కింగ్ భవనం పైనుండి దానిని ఎగురవేసి, మంటలు చూడటానికి 2,500 మీటర్లకు పైగా పంపాడు. దారిలో అది అతని చూపునుండి తప్పిపోయింది. విమానం ఎడమ రెక్కకు రంధ్రం పడింది. పైలట్ క్షేమంగా దించినా, మరమ్మతు పూర్తయ్యేవరకు ఆ విమానం మంటలార్పే పనికి దూరమైంది. నిందితుడు న్యాయస్థానంలో నేరాన్ని అంగీకరించాడు. మరమ్మతు ఖర్చు కింద కనీసం 65,169 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొన్నాడు. ఈ తరగతి డ్రోన్‌లు అందంగా బొమ్మలవలె ఉండటంచేత వాటివలన ఏ ప్రమాదమూ ఉండదని చాలామంది భావిస్తారు. తేలికదనం వలన కొన్ని దేశాలలో నమోదు, లైసెన్సు వంటి వాటినుండి వాటికి సడలింపు దొరుకుతున్నది. కనుచూపు మేర విషయంలో మాత్రం వాటి చిన్నతనమే వాటికి ప్రతికూలం. అన్నిటికంటే త్వరగా కనుమరుగయ్యేవి అవే.

భారతదేశంలో

భారతదేశంలో పౌరులు డ్రోన్‌లు వాడటాన్ని 2014 అక్టోబరు 7 నాటి ప్రకటన ద్వారా పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిలిపివేసింది. నాలుగేళ్ళ తరువాత 2018 ఆగస్టు 27న నియమాలు ప్రకటించి, అదే ఏడాది డిసెంబరు 1 నుండి అమలులోకి తెచ్చింది. పగటివేళ మాత్రమే, కనుచూపు మేరలోనే, 400 అడుగులకు మించని ఎత్తులోనే నడపాలని ఆ నియమాలు చెప్పాయి. 2021 మార్చిలో వచ్చిన మరో నియమావళి కొద్ది నెలలే ఉండి, 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నియమాలకు చోటిచ్చింది.

2021 నియమాలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు, విమానాశ్రయ ప్రహరీకి 8 నుండి 12 కి.మీ. మధ్యనున్న ప్రాంతంలో 200 అడుగుల వరకు ముందస్తు అనుమతి లేకుండా ఎగురవేయవచ్చు. 250 గ్రాములలోపు వాటిని నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్ డ్రోన్‌లు అంటారు. నానో డ్రోన్‌లకూ, వ్యాపారేతర మైక్రో డ్రోన్‌లకూ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఈ సడలింపు వలన శిక్షణ ఏమీ లేకుండానే డ్రోన్ చేతపట్టేవారు ఎక్కువయ్యారు. హైదరాబాదు చుట్టుపక్కల హకీంపేట, దుండిగల్ వాయుసేన కేంద్రాల శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు తిరుగుతుంటాయి కనుక అక్కడివారికి మండలాల పటం చూసుకోవడం, ఆకాశం గమనించడం రెండూ అవసరమే.

తెలుగు రాష్ట్రాలలో డ్రోన్‌లు ఎక్కువగా కనబడేది పొలాలలో. వరి, మిరప, పత్తి చేలలో మందు చల్లడానికి పది లీటర్ల ట్యాంకు గల ఆరు రోటర్ల డ్రోన్‌లు వాడుతున్నారు. ఇవి పైరుకు రెండు మూడు మీటర్ల ఎత్తులోనే పోతాయి కాబట్టి విమానాలతో భయం తక్కువ. వీటి చిక్కు వేరు. చేను చివరకు పోయిన డ్రోన్ గట్టుమీది చెట్టుకు ఎంత దగ్గరగా ఉన్నదో ఇవతలి గట్టునుండి తెలియదు. మొక్కజొన్న, చెరకు వంటి ఎత్తైన పైరు మధ్యలో డ్రోన్ సగం మరుగుపడుతుంది. అవతలి గట్టున ఒక మనిషిని నిలిపి అతనితో ఫోనులో మాట్లాడుతూ నడపడం వీరు అనుభవంతో నేర్చుకొన్న ఉపాయం. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ వంటి సంస్థలు డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తున్నాయి.

విమానాలు కాక స్థానికంగా ఇంకొన్ని అడ్డంకులు ఉన్నాయి. గద్దలు, కాకులు గూళ్ళు పెట్టే కాలంలో డ్రోన్ వెంటపడటం మామూలే. సంక్రాంతి రోజులలో గాలిపటాల మాంజా దారం కెమెరాలో గాని కంటికి గాని కనబడదు. దారం చూడాలని ప్రయత్నించడంకంటే పటం ఎక్కడున్నదో చూసి ఆ దిక్కు మానుకోవడం మేలు.

కనుమరుగైనప్పుడు

డ్రోన్ చూపు తప్పిందని గ్రహించగానే ముందుగా రిమోట్ పుల్లలు వదలివేయాలి. జీపీఎస్ గల డ్రోన్ ఉన్నచోటనే నిలబడుతుంది. తరువాత చివరిసారి కనబడిన దిక్కులో వెతకాలి, చప్పుడు వినాలి. దొరకకపోతే చుట్టుపక్కల విమానాలేవీ లేవని చూసుకొని కొద్దిగా పైకి లేపితే చెట్ల మరుగునుండి బయటపడవచ్చు. తెరమీది బాణం గుర్తు సాయంతో డ్రోన్ ముఖాన్ని తమవైపు తిప్పి నెమ్మదిగా ముందుకు నడిపితే అది దగ్గరవుతుంది.

ఇంటికి తిరిగివచ్చే బటన్ కూడా ఉన్నది. అయితే ఆ బటన్ నొక్కినప్పుడు డ్రోన్ ముందుగా నిర్ణయించిన ఎత్తుకు లేచి తిన్నగా బయలుదేరిన చోటికి వస్తుంది. ఆ ఎత్తు దారిలోని సెల్ టవరుకంటే తక్కువగా ఉంటే టవరును ఢీకొంటుంది, మరీ ఎక్కువగా ఉంటే హెలికాప్టర్లు తిరిగే ఎత్తుకు చేరుతుంది. కనుక ప్రతి కొత్త చోటా ఆ ఎత్తును సరిచూసుకొన్న తరువాతే ఎగురవేయాలి.

మేర దాటి

మందులు, రక్తం చేరవేయడం, పైపులైన్లు, కరెంటు లైన్లు తనిఖీ చేయడం వంటి పనులు కనుచూపు మేరలో ఉండి చేయగలిగేవి కావు. రువాండాలో 2016 అక్టోబరు నుండి జిప్‌లైన్ సంస్థ డ్రోన్‌లతో ఆసుపత్రులకు రక్తం పంపుతున్నది. ఇటువంటి చోట్ల కన్ను చేసే పనిని ఇతర ఏర్పాట్లు చేయాలి. ఆ గగనతలాన్ని ఇతరులకు మూసివేయడం, విమానాలు వెలువరించే రేడియో సంకేతాలను పట్టుకొనే పరికరాలు, రాడారు, దారి పొడవునా పరిశీలకులు అందులోనివి. జపాన్ 2015 డిసెంబరులో కంటితో చూస్తూ నడపాలన్న నియమం తెచ్చి, 2022 డిసెంబరు 5 నుండి జనావాసాల మీద కూడా చూపు దాటి నడపడానికి సర్టిఫికెట్ పద్ధతిన అనుమతించింది. కెనడా 2025 నవంబరులో తక్కువ అపాయం గల చోట్ల మేర దాటి నడపడానికి సాధారణ నియమాలు అమలుచేసింది. అమెరికా 2025 ఆగస్టులో ఇందుకు ముసాయిదా ప్రకటించింది.

తెలంగాణలో ఈ మార్పు అంచెలుగా జరిగింది. కోవిడ్ టీకాలను డ్రోన్‌లతో పంపే ప్రయోగానికి 2021 ఏప్రిల్‌లో కేంద్రం రాష్ట్ర ప్రభుత్వానికి కనుచూపు మేరలో మాత్రమే అనుమతి ఇచ్చింది. మే నెలలో దానిని మేర దాటి నడపడానికి పొడిగించింది. "మెడిసిన్ ఫ్రమ్ ది స్కై" పేరిట ఈ ప్రయోగాన్ని 2021 సెప్టెంబరు 11న వికారాబాదులో కేంద్ర పౌర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా ప్రారంభించారు. అంతకుముందు రోజులలో అక్కడ డ్రోన్‌లను కంటికి కనబడే కొద్ది వందల మీటర్ల దూరంలోనే ఎగురవేసి పరీక్షించారు.